వాషింగ్ మెషీన్ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: బట్టలు విడిచి, రంగులవారీగా వేరుచేసి, జేబులు ఖాళీ చేసి, డిటర్జెంటు తగినంత వేయవలెను.

‘బట్టలు’ సుగమం. ‘రంగులవారీగా’ కూడా సుగమమే. కొత్త ఎర్ర తువ్వాలుతో తెల్ల లాల్చీని కలిపి వేసిన ఇంట్లో ఈ పదానికి వ్యాఖ్య అక్కర్లేదు.

‘విడిచి’ అంటే ఒంటి మీంచి తీసి మాత్రమే కాదు, మడతలు విప్పి అని కూడా. ఉండ చుట్టి మంచం కిందికి తన్నిన మేజోళ్లు విడిచినవి కావు. అవి మెషీన్లోంచి కూడా ఉండగానే వస్తాయి, లోపలి మట్టితో సహా.

‘జేబు’ అరబ్బీ ‘జైబ్’. పారశీకం, ఉర్దూల మీదుగా తెలుగుకు చేరింది. మొదట దాని అర్థం మెడ దగ్గరి వస్త్రపు చీలిక, రొమ్ము మీది మడత. ఇక్కడొక విశేషం ఉంది. 499 నాటి ఆర్యభటీయంలో జ్యాకు సగం ‘అర్ధజ్యా’. వాడుకలో ‘అర్ధ’ రాలిపోయి ‘జ్యా’ మిగిలింది. జ్యా అంటే వింటినారి, దానికే ‘జీవా’ అని పర్యాయం. అరబ్బు గణితజ్ఞులు దాన్ని ‘జీబ’గా తీసుకుని, హ్రస్వాచ్చులు రాయని తమ లిపిలో రాసుకున్నారు. తర్వాతివారు ఆ అక్షరాలనే ‘జైబ్’ అని చదివారు. 12వ శతాబ్దపు లాటిన్ అనువాదకులు మడత అనే అర్థం పట్టుకుని ‘సైనస్’ అన్నారు. పదో తరగతి పిల్లలు వల్లించే ‘సైన్’ ఇదే. కాబట్టి సైన్ తీటా అంటే జేబు తీటా. వింటినారి వల్లించమంటే ప్రపంచమంతా జేబు వల్లిస్తోందన్నమాట.

దీనివల్ల ఉతుకుడుకు ఒరిగిందేమిటని శంక. ఏమీ లేదు. ప్యాంటు జేబులో మరిచిన టిష్యూ కాగితం నల్ల చొక్కాల నిండా తెల్లటి పీచై అంటుకోవడాన్ని త్రికోణమితి ఆపలేదు.

‘తగినంత’ దగ్గర చిక్కు. కష్టమైన చోటే ‘స్పష్టం’ అని దాటేయడం వ్యాఖ్యాతల అలవాటు. సూత్రకారులే ఆ పని చేస్తే దిక్కెవరు? డిటర్జెంటు అణువులో ఒక కొస నీటిని కోరుతుంది, రెండోది జిడ్డును పడుతుంది. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం దాని బలంలో కొంత ముందే తినేస్తాయి. కనుక నీటి చవుడు, బట్టల బరువు, మురికి, ఈ మూడింటిని బట్టి కొలత మారాలి. నురగ ఎక్కువైతే శుభ్రం ఎక్కువన్నది బకెట్ కాలపు నమ్మకం. ముందు తలుపు మెషీన్లో బట్టలు పైకి లేచి కింద పడాలి, ఆ దెబ్బకే మురికి వదలాలి. నురగ వాటికి పరుపు పరుస్తుంది. మిగిలిన డిటర్జెంటు మడతల్లో చేరి, ఆరాక తెల్లచారలై కనిపిస్తుంది. ఇంత సంగతినీ ఒక్క ‘తగినంత’లో ఇమిడ్చి, కొలత కోసం సీసా మూత చూడమంటారు. మూత లోపల నీలం మీద నీలంగా మూడు గీతలుంటాయి. వాటి పక్కన అంకెలుండవు. తెలియని సంగతిని గంభీరమైన భాషలో చెప్పడం పాండిత్యం కాదు, ఎగవేత.

‘వేయవలెను’కు కర్త లేదు, అధ్యాహారం చేసుకోవాలి. విడిచి, వేరుచేసి, ఖాళీ చేసి అన్నవి క్త్వార్థకాలు. వాటికీ ప్రధాన క్రియకూ కర్త ఒక్కరే కావాలని పాణిని నియమం. అంటే విడిచినవారే వేరుచేయాలి, జేబు నింపినవారే ఖాళీ చేయాలి. అయితే ‘వానలు కురిసి పంటలు పండాయి’ వంటి చోట్ల కర్త మారడాన్ని తెలుగు ఒప్పుకుంటుంది. మన ఇళ్లు పాణినిని వదిలి ఈ మినహాయింపును పట్టుకున్నాయి.

తాత్పర్యం: మూలంలో క్రియలు నాలుగు. మొదటిదానికి కర్తలు ఇంటిల్లిపాదీ. మిగిలిన మూడింటికీ ఒక్క ఆవిడే.