అప్రదక్షిణం

నాకు ఇంగ్లీషు రాదని ఎవరూ అన్లేదు. వచ్చని నలుగురికీ తెలియాలన్న యావ మాత్రం చిన్నప్పట్నుంచీ ఉంది. ‘క్లాక్‌వైజ్’ అంటే సరిపోయే చోట అది వాడబుద్ధి కాదు. చేతికి వాచీ ఉన్న ప్రతివాడూ అనే మాట మనకెందుకు?

సెలవుల్లో అమెరికా పిల్లలొస్తారు, ప్రదక్షిణ ఎటు చెయ్యాలో ఇంగ్లీషులో ఓ బోర్డు రాసిపెట్టండి మాస్టారూ అని మా కాలనీ గుడి కమిటీవాళ్లు అడిగారు. ఎప్పుడో కంటపడిన ‘విడర్షిన్స్’ అనే క్రియావిశేషణం గుర్తొచ్చింది. చివర ‘షిన్’ ఉంది గనక షైను, షైనంటే సూర్యుడు, మొదట్లో ఉన్నది ‘విత్’. వెరసి సూర్యుడి వెంట! నిఘంటువు తెరవడం నామోషీ అనిపించింది. గుడి చుట్టూ నడవండి అని పైన రాయించి, ఆ ఒక్క మాటనీ కింది వరసలో పెద్దక్షరాలతో పెట్టించాను.

తర్వాతెప్పుడో మనవరాలికి జోసెఫ్ జేకబ్స్ 1890లో వేసిన ఇంగ్లీషు జానపద కథల్లోంచి ‘చైల్డ్ రోలండ్’ చదివి వినిపిస్తున్నాను. బర్డ్ ఎలెన్ అనే పిల్ల బంతి కోసం చర్చి చుట్టూ పరిగెత్తి మాయమైపోతుంది. ఎందుకయ్యా అంటే విడర్షిన్స్‌గా పరిగెత్తిందట. సూర్యుడు తిరిగే దిక్కుకి ఎదురు తిరిగితే ఎత్తుకుపోరూ మరి!

అప్పుడు తెరిచాను నిఘంటువు. స్కాట్లండులో బతికిన మాట. జర్మన్ మూలంలో ముందు సగం ‘ఎదురు’, వెనక సగం ‘దిశ’. సూర్యుడు తర్వాతొచ్చి చేరినవాడే. 1513లో వర్జిల్ కావ్యాన్ని స్కాట్స్‌లోకి తెచ్చిన గావిన్ డగ్లస్, భయంతో వెంట్రుకలు నిక్కబొడుచుకోవడానికి ఈ మాటే వాడాడు. నావీ అలాగే లేచాయి.

అంతకన్నా మండించింది దాని వ్యతిరేక పదం, ‘డెసిల్’. గేలిక్‌ నుంచి వచ్చింది. దాని మూలపదానికి కుడి అనీ, దక్షిణ దిక్కు అనీ రెండర్థాలూ ఉన్నాయి, అచ్చం మన ‘దక్షిణ’లాగే. ఉండవా, రెండూ ఒక తల్లి పిల్లలే! ప్రదక్షిణకి వరసైన మాట అక్కడ కూచుని ఉండగా, నేను అప్రదక్షిణాన్ని వెతికి తెచ్చి దేవుడి గోడకి మేకు కొట్టాను.

ఇన్నాళ్లూ ఒక్కరూ ఎదురు తిరగలేదు. అర్థమైతే కదా! ముందు నడిచేవాళ్ల వెనకే నడిచారు.

పెయింటు డబ్బా పట్టుకుని వెళితే సెక్రటరీ అడ్డుపడ్డాడు. “ఆ పేరు చెరపకండి మాస్టారూ, దాతగారు నొచ్చుకుంటారు” అన్నాడు. విడర్షిన్స్‌గారు ఏ దేశంలో ఉంటారని కూడా అడిగాడు.