నా అంచుకు తెలిసినంత

నేను జానెడు పొడవున్న స్టెయిన్‌లెస్ స్టీలు పలకను. నాకు ఒక అంచు లోపలికి వంగి ఉంటుంది, ఇంకోటి బయటికి ఉబ్బి ఉంటుంది. లోవంపు పిక్కకూ ముంజేతికీ సరిగ్గా కూర్చుంటుంది. ఉబ్బు అంచుతో తొడ మీద, వీపు మీద పని. అంచు ఉందన్న మాటే గానీ తెగదు. చర్మం మీద జారడానికే నున్నగా పాలిష్ పట్టారు. గండిపేట చెరువుకు దగ్గర్లో ఒక చిన్న ఫిజియోథెరపీ క్లినిక్‌లో, వ్యాజిలిన్ డబ్బాకూ స్పిరిట్ సీసాకూ నడుమ నా చోటు.

చైనాలో గేదెకొమ్ముతో చేసిన పలకలతో ఒళ్లు గీకే పద్ధతి చాలా పాతది, గువాషా అంటారు. నా ఇప్పటి రూపానికి మూలం మాత్రం అమెరికాలోని ఇండియానాలో ఉంది. డేవిడ్ గ్రాస్టన్ అనే ఆయన 1980ల చివర్లో నీళ్ల మీద స్కీయింగ్ చేస్తూ మోకాలు దెబ్బతీసుకున్నాడు. ఆపరేషన్ తర్వాత మోకాలు సరిగా వంగలేదు. గట్టిపడ్డ చోట చేత్తో రుద్దీ రుద్దీ వేళ్లు నొప్పెట్టాక, లోహపు పని తెలిసినవాడు కాబట్టి తన మోకాలికి తగ్గట్టు పనిముట్లు చేసుకున్నాడు. అవి 1990లలో వైద్యుల చేతికి వచ్చాయి. వేళ్ల నొప్పి ఇప్పటికీ నా వాడకానికి పెద్ద కారణమే. రోజంతా బొటనవేళ్లతో నొక్కే ఫిజియోథెరపిస్టుకు ముందుగా అరిగేది ఆ కీళ్లే.

ఈ చుట్టుపక్కల నొప్పులకు కొదవ లేదు. మొయినాబాద్ మండలం ముర్తుజాగూడలో సానియా మీర్జా టెన్నిస్ అకాడమీ ఉంది. రాకెట్ పట్టినవాళ్లకు మోచేతి బయటివైపు నొప్పి మామూలు. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద తొక్కేవాళ్లకు తొడ పక్కభాగం బిగుసుకుంటుంది. చిలుకూరు బాలాజీ గుళ్లో కోరిక చెప్పుకోవడానికి 11 ప్రదక్షిణలు, అది తీరాక 108. ఎప్పుడూ మెత్తటి చెప్పుల్లో ఉండే పాదాలు ఒక్కపూటలో అంత దూరం వట్టికాళ్లతో నడిస్తే, మర్నాడు మడమ తన మాట చెబుతుంది. చేవెళ్ల వైపు నుంచి పూలు, కూరగాయలు పండించేవాళ్లు వస్తారు. వాళ్లది ఒక్కనాటి నొప్పి కాదు.

అలా వచ్చిన ఒక పెద్దమ్మ చెప్పింది: “పొద్దుగాల మంచం దిగి కాలు కింద పెడ్తే మడమల ముల్లు దిగినట్టయితది బిడ్డా. నాలుగడుగులేస్తే జర నయమనిపిస్తది. మళ్ల కూసొని లేస్తే అదే కథ.”

ఇక్కడి ఫిజియోథెరపిస్టు మేడమ్ వెంటనే నన్ను తీయలేదు. షుగర్ ఉన్నదా, గుండెకు గోళీలు వాడుతున్నవా, కాలు ఎప్పుడన్నా విరిగిందా అని ఒక్కొక్కటే అడిగింది. కళ్లు మూసుకోమని, అరికాలి మీద దూది ఆనించి, ఎక్కడ తగిలిందో చెప్పమంది. ఈ ప్రశ్నలంటే నాకు ఎంత గౌరవమో చెప్పలేను. షుగర్ వల్ల స్పర్శ తగ్గిన పాదానికి నేను ఎక్కువ ఒత్తినా తెలియదు. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకు చిన్న ఒత్తిడికే కమిలిపోతుంది. పిక్కలో రక్తం గడ్డకట్టిందన్న అనుమానం ఉన్నా, పుండు ఉన్నా, ఉబ్బిన రక్తనాళాలున్నా నేను ట్రేలోనే ఉండాలి. పిక్క వాచి వేడిగా ఉన్న ఒకాయన్ను మేడమ్ ముట్టకుండానే పెద్దాసుపత్రికి పంపింది. ఆ రోజు నాకు పని లేదు, అదే సరైన వైద్యం.

పెద్దమ్మను బోర్లా పడుకోబెట్టి, పిక్కకు వ్యాజిలిన్ రాసి, నన్ను 30 నుంచి 60 డిగ్రీల మధ్య వాల్చి పట్టుకుంది. మడమ పైనుంచి పిక్క దాకా మెల్లగా లాగింది. కండరం మెత్తగా ఉన్నచోట నేను చప్పుడు లేకుండా జారతాను. బిగిసిన చోట బియ్యంలో మట్టిబెడ్డ తగిలినట్టు గరగరమంటుంది. వేలికి అందనంత సన్నటి అదురు కూడా ఉక్కులోంచి పట్టుకున్న చేతికి చేరుతుంది. అక్కడ ఒక నిమిషం లోపే పొడవుగా, అడ్డంగా కదిలించి ముందుకు పోయింది.

“గట్టిగ రుద్దు బిడ్డా. నల్లగ కమిలితేనే లోపటిది బయటికొస్తదంటరు గద.”

“కమిలితే ఇంకో నొప్పి తోడైతది పెద్దమ్మా. బయటికొచ్చేదేం లేదు.”

ఈ నమ్మకం మీదే నా బాధంతా. ఎక్కడో రుద్దించుకుని, పిక్కంతా నల్లబడి, అడుగు వేయలేక ఇక్కడికి వచ్చినవాళ్లను చూశాను. ‘లోపలి గడ్డల్ని చీలుస్తుంది’ అని నా గురించి చెప్పే మాట నిజానికి నిలవదు. అరికాలి ఫేషియా, అంటే అరికాలి కింద పరుచుకున్న పొర, ఎంత గట్టిదో 2008లో లెక్కగట్టారు: దాని రూపు 1 శాతం మార్చాలన్నా మనిషి చెయ్యి పెట్టలేనంత బలం కావాలి. 2009లో ఎలుకల మోకాలి లిగమెంట్లకు దెబ్బ తగిలించి, ఒకవైపు ఇలాంటి పనిముట్టుతో రుద్ది చూశారు. 4 వారాలకు రుద్దిన వైపు బలం బాగా ఎక్కువగా ఉంది, 12 వారాలకు తేడా దాదాపు పోయింది. కాబట్టి నేను చేయగలిగింది, కొంతసేపు నొప్పి తగ్గించి, బిగువు సడలించి, కాలు కదలడానికి వీలు కల్పించడం. నరాలు ఆ స్పర్శను కొత్తగా తీసుకోవడం వల్లే ఇది జరుగుతుందని ఇప్పుడు ఎక్కువమంది అనుకుంటున్నారు. ఇది చిన్న సాయం కాదు. ఏళ్లుగా నొప్పికి భయపడి మడమ ఆనించనివాళ్లు ఆ కాసేపట్లోనే ధైర్యంగా ఆనిస్తారు. కానీ ఆ కాసేపును వాడుకోకపోతే సాయంత్రానికి మళ్లీ మొదటికే వస్తుంది.

అందుకే మేడమ్ నన్ను తుడిచి పక్కన పెట్టాక అసలు పని మొదలుపెట్టింది. ఒక తువ్వాలు చుట్టి మెట్టు మీద పెట్టి, పెద్దమ్మ కాలివేళ్లు దాని మీద ఆనేట్టు నిలబెట్టింది. మడమను మూడు లెక్కపెట్టేదాకా పైకి లేపాలి, పైన రెండు ఆగాలి, మూడు లెక్కతో కిందికి దించాలి. వేళ్లు పైకి వంగడంతో అరికాలి ఫేషియా సాగి బరువు మోస్తుంది. 2014లో డెన్మార్క్‌లో మడమ నొప్పి ఉన్న 48 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుతో ఇదే వ్యాయామం చేయించారు. వట్టిగా సాగదీసే వ్యాయామం చేసినవాళ్ల కన్నా వీళ్లకు 3 నెలలకు మేలుగా ఉంది.

గోడ పట్టుకుని లేస్తూ దిగుతూ పెద్దమ్మ అడిగింది: “దినాం చెయ్యాల్నా బిడ్డా? పూలు తెంపే రోజు పొద్దున ఎళ్లదు.”

“దినాం వద్దు పెద్దమ్మా, రోజు విడిచి రోజు చాలు. పూలు తెంపే రోజు మానెయ్.”

ఆమె లెక్క చూసుకుని, అయితే మంగళారం నుంచి మొదలుపెడ్తా అంది.