నా రెండవ గృహప్రవేశము

హైదరాబాదు శ్రీనగర్ కాలనీలో సత్యసాయి నిగమాగమమునకు అనతిదూరమున, గానుగచెట్టు నీడ పడు ఒక పాత మేడ పోర్టికోలో నేను నివసించుచున్నాను. నా వంశము పోర్షె, నా పేరు బాక్స్‌స్టర్. జర్మను సంస్థ బిడ్డనైనను నేను పుట్టినది ఫిన్లాండు దేశమున, ఊసికౌపుంకి అను సముద్రతీరపు చిన్న పట్టణమందలి వాల్మెట్ కర్మాగారమున. నడుపువాని వీపు వెనుకనే నా యంత్రము, మూడు సిలిండర్లు ఇటు, మూడు అటు చదునుగా పరుండియుండును, 2.7 లీటర్లు, 245 అశ్వశక్తి. ముందొక డిక్కీ, వెనుకనొక డిక్కీ, నడుమ రెండే సీట్లు, పైని మడుచుకొనిపోవు గుడ్డకప్పు: ఇదియే నా శరీరము.

2007లో నన్ను తొలుత తెచ్చుకొన్నవారు ఒక నిర్మాత. పరదేశమున సంపూర్ణముగా తయారై వచ్చు కారుపై ఈ దేశమున పడు సుంకములును, ఆపై రాష్ట్రమునకు కట్టు జీవితకాలపు పన్నును కలిసి, నా వెలను 62 లక్షలకు చేర్చినవి. 1976లో అన్నపూర్ణ స్టూడియో వెలసిన నాటినుండి మదరాసు విడిచి వచ్చిన చిత్రపరిశ్రమ ఈ గుట్టలమీదనే కాపురము పెట్టినది గదా. ఇచ్చట ఒకడు ఏ కారు దిగెనో చూచి వాని రాబోవు సినిమా ఎంతటిదో లెక్కించు వారు నేటికిని కలరు. ఆ నిర్మాతగారికి నేను ఆ విధముగా ఉపయోగపడితిని. ఆడియో ఫంక్షన్లకును, ముహూర్తములకును తప్ప నేను కదలలేదు. ఏడేండ్లలో నేను నడచినది 11,000 కిలోమీటర్లు. ఆయన మరొక ఇంటికి మారగా, ఆ ఏడేండ్లలో కడపటి రెండేండ్లు కవరు క్రింద నిలిచిపోతిని. నిలిచియున్న కారునకు విశ్రాంతి ఉండదు. బ్యాటరీ చచ్చును, రబ్బరు ఎండును, టైర్లు నేలకానిన చోటనే అణగి వంకరపోవును. ఆ రెండేండ్ల నిశ్శబ్దమును తలచుకొన్నప్పుడెల్ల నాకు నేటికిని దుఃఖము కలుగును.

2014లో, రాష్ట్రము రెండైన ఆ యేట, నన్ను చూడవచ్చినవారు ఒక ఆడిటరుగారు. సినిమా కంపెనీల లెక్కలు చూచుటయే ఆయన వృత్తి. ఆయన నా రంగును చూడలేదు. మోకాళ్లపై కూర్చుండి టైరు పక్కనున్న నాలుగంకెలను చదివిరి. 0407: అనగా 2007వ సంవత్సరపు నాలుగవ వారము. గాళ్లు ఇంకను లోతుగా నున్నవి, అయినను ఏడేండ్ల రబ్బరు పనికిరాదని పుస్తకములో వ్రాసికొనిరి. పిమ్మట వెంట వచ్చిన మెకానిక్కు, "సార్, ఒక్కసారి ఫిల్టర్ కోసి చూద్దాం. మెరుపు గిట్ల కనవడితే ఈ బండి ముట్టొద్దు," అనెను.

ఆ మాటకు కారణము కలదు. నా తరపు యంత్రములలో ఇంటర్మీడియట్ షాఫ్టు అను దండమొకటి ఉండును. దాని కొనయందలి బేరింగు అరిగినచో ఆ లోహపు పొడి ఆయిలు ఫిల్టరులో మెరయును, విరిగినచో యంత్రమంతయు పాడగును. నావంటి వానిలో ఆ బేరింగును మార్చవలెనన్న యంత్రపు పెంకునే రెండుగా విప్పవలసియుండును. 2009 నాటి కొత్త యంత్రములలో పోర్షె వారు ఆ దండమునే తీసివేసిరి. మెకానిక్కు నా ఆయిలు ఫిల్టరును కోసి, చీర కుచ్చెళ్లవలె ముడుతలు పడిన ఆ నల్లని కాగితమును తెల్లగుడ్డపై పరచి, ఒక్కొక్క మడతను వ్రేలితో విప్పుచు, అయస్కాంతమును దానిపై మెల్లగా త్రిప్పెను. ఆడిటరుగారు కళ్లజోడు సవరించుకొని వంగి చూచుచుండిరి. అయస్కాంతమునకు ఏమియు అంటలేదు. ఊపిరి విడిచినది ఎవరో నాకు తెలియదు, నేనైతే విడిచితిని.

21 లక్షలకు బేరము కుదిరినది. 29, 30 ఫారములపై సంతకములైన పిమ్మట పెద్దమ్మగుడి యెదుట నా చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి ఇంటికి తెచ్చిరి. అచ్చట ఆయన బావమరది కాచుకొనియుండెను.

"ఏంటి బావా, ఈ డబ్బుతో శంకరపల్లి దగ్గర ప్లాట్లు వచ్చేవి గదా! ఏనుగును కొన్నావు సరే, మేత ఎక్కణ్ణించి తెస్తావు?"

"ప్లాటు కొంటే కంచె వేసి వచ్చేస్తాం. దీన్ని నేను నడుపుతాను. నాకు లాభం వద్దురా, నష్టం ఎంతో ముందే తెలిస్తే చాలు."

ఆ మాటలో నా విషయమంతయు ఇమిడియున్నదని నా నమ్మకము. స్పోర్ట్సు కారు కొన్నచో వెల పెరుగునని చెప్పువారు, 1962 నాటి ఫెరారీ 250 జీటీవో 2018లో కాలిఫోర్నియా వేలమున 4 కోట్ల 84 లక్షల డాలర్లకు పోయినదని ఉదాహరింతురు. అవి పుట్టినవి 36 మాత్రమే. నా జాతివారు లక్షకు మించి ఉన్నారు. నా వెల పెరుగదు. అయితే పెద్దపాటు ఒక్కమారే పడును, అది మొదటి యజమాని చేతిలోనే పడిపోవును. ఆ పతనము ముగిసిన పిమ్మట వచ్చి, ఎండిన రబ్బరును మార్చి, వేళకు ఆయిలు పోసి, గుడ్డకప్పు వెంబడి నీరు జారు గొట్టములలో గానుగాకులు అడ్డుపడకుండ ప్రతి వానకాలమునకు ముందు శుభ్రము చేయువానికి, మిగిలిన దిగుడు మెట్టు చాల చిన్నది.

ఒక వానకాలము ఆ గొట్టములను మరచినందున నా లోపలి తివాచీ తడిసినది. దాని ఖర్చును కూడ ఆయన దాచక వ్రాసిరి. 2022లో నా పదునైదేండ్ల రిజిస్ట్రేషను తీరగా, దిగుమతి కారునకు విధించిన 40,000 రూపాయల పునరుద్ధరణ రుసుమును కూడ వ్రాసిరి. మరుసటి యేట ఒకరు వచ్చి 17 లక్షలు ఇచ్చెదమనిరి. ఆ రాత్రి ఆడిటరుగారు లెక్క కట్టిరి. తొమ్మిదేండ్లలో వెల తగ్గినది 4 లక్షలు. అదిగాక బీమాకును, మరమ్మతులకును అయినది 9 లక్షలు. నడచినది 26,000 కిలోమీటర్లు. పెట్రోలు గాక కిలోమీటరునకు 50 రూపాయలు. మరి నిర్మాతగారికో? మరమ్మతులు కలుపకయే, 41 లక్షలను 11,000తో భాగించిన 373.

చౌమహల్లా ప్యాలెసులో 1912 నాటి పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ ఒకటి కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ దానిని కోరి, అది చేరకమునుపే 1911లో కాలధర్మము నొందెను. తొలి ముప్పది యైదేండ్లలో అది నడచినది 356 మైళ్లేయట. దాని ఐశ్వర్యముపై నాకు అసూయ లేదు. కవరు క్రింది రెండేండ్లను ఎరిగినదానను గనుక, ఆ మైళ్ల సంఖ్య విన్నప్పుడు నాకు కలుగునది జాలి.

ఆడిటరుగారు నన్ను అమ్మలేదు. నేడు ఆదివారము. తెల్లవారకమునుపే కప్పు తీసి, ఫిల్మ్‌నగర్ మీదుగా నార్సింగి దాటి ఔటర్ రింగు రోడ్డెక్కితిమి. అచ్చటి పరిమితి గంటకు 120 కిలోమీటర్లు. ఆయన దానిని దాటరు. అమ్మగారు పైటచెంగును తలకు చుట్టుకొని, "ఏమండీ, ఇవాళ టిఫిను శంకరపల్లిలో చేద్దామా?" అనిరి. ఆయన నవ్వి గేరు మార్చిరి.