మనసు ఇన్‌ఛార్జి కాబోయే టీచరుగారికి

జంషెడ్‌పూర్ సోనారిలో ఏ స్కూల్లో పాఠం చెబుతున్నా సరే, ఇవాళ కాకపోతే రేపు ఆ కాగితం మీ చేతికొస్తుంది. పిల్లల మనసు బాగోగులు ఇకనుంచి మీవి, అందుకు తగిన నాయకత్వ శిక్షణ పొందండి అని, కింద ప్రిన్సిపల్‌గారి సంతకంతో. గాభరా పడకండి. పిల్లల జోలికి పోకుండానే ఈ పదవిని గౌరవంగా నిలబెట్టుకోవచ్చు.

మిమ్మల్ని ఎందుకు ఎంచారో అని ఎక్కువ ఆలోచించకండి. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద మొదలైన స్కూలు ఆరోగ్య కార్యక్రమం, స్కూలుకి ఇద్దరు టీచర్లను, ఒక సర్‌నీ ఒక మేడమ్‌నీ, ఆరోగ్య రాయబారులుగా తయారుచేయమంది. పదకొండు అంశాలు, వారానికో గంట. అందులో మానసిక ఆరోగ్యం ఒక అంశం. ఆ ఇద్దర్నీ ఎంచడానికి టైమ్‌టేబుల్ చూస్తే చాలు. ఎవరికి ఖాళీ పీరియడ్లు ఎక్కువో వాళ్లే అర్హులు: పీటీ సర్, లైబ్రరీ మేడమ్. ఇంటర్వెల్‌లో పిల్లలు తమంతట తామే వెళ్లి చుట్టూ మూగే టీచరు ఒకరు ప్రతి స్కూల్లోనూ ఉంటారు. ఆవిణ్ణి మాత్రం పొరపాటున కూడా ఎంచకూడదు. ఆవిడ దీన్ని నిజంగానే పట్టించుకుంటుంది. అప్పుడు లెక్కల సిలబస్ వెనకబడుతుంది, ప్రీబోర్డు ముంచుకొస్తుంది, ఆ తలనొప్పంతా మీకెందుకు?

ఈ శిక్షణ గురించి చెప్పేటప్పుడు 'అప్రెంటిస్' అనే మాట మాత్రం ఈ ఊళ్లో నోరు జారనివ్వకండి. ఇంకెక్కడైనా చెల్లుతుందేమో, జంషెడ్‌పూర్‌లో చెల్లదు. 1921లో జంషెడ్‌పూర్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ పేరుతో మొదలై, తర్వాత షవక్ నానావతి పేరు పెట్టుకున్న ఎస్ఎన్‌టీఐ తరతరాలుగా అప్రెంటిస్‌లను తయారుచేస్తున్న ఊరు ఇది. శ్రీకాకుళం నుంచీ విజయనగరం నుంచీ వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మన తెలుగిళ్లలో తాతో, తండ్రో, మేనమామో ఎవరో ఒకరు ఉక్కు కంపెనీ గేటు దాటి పని నేర్చుకున్నవాళ్లే. నేర్చుకోవడమంటే ఏమిటో వాళ్లకి తెలుసు. హెల్మెట్ పెట్టుకుని, సేఫ్టీ బూట్లు తొడుక్కుని, పని తెలిసిన పెద్దమనిషి పక్కన నెలల తరబడి నిలబడాలి. ఆయన చెయ్యి వెయ్యమన్నప్పుడే చెయ్యి వెయ్యాలి. తప్పు చేస్తే అక్కడికక్కడే తిట్లు తిని దిద్దుకోవాలి. పేరెంట్స్ మీటింగులో మీరు లేచి "పిల్లల మానసిక ఆరోగ్యంలో అప్రెంటిస్‌షిప్ చేశానండీ" అన్నారనుకోండి, వెనక వరసలోంచి రిటైరైన ఫోర్‌మన్ ఒకాయన "ఎవరి దగ్గరమ్మా? ఎన్నాళ్లు?" అని అడుగుతాడు. ఆ రెండు ప్రశ్నలకీ మీ దగ్గర జవాబుండదు. అందుకని 'లీడర్‌షిప్' అనండి. లీడరు ఎవరి దగ్గర పని నేర్చుకున్నాడని ఈ దేశంలో ఎవరూ అడగరు.

ఇంగ్లండు సంగతి ఎవరైనా ఎత్తితే టీ తెప్పించి మాట మార్చండి. అక్కడ స్కూలు సిబ్బంది జీతం తీసుకుంటూనే అప్రెంటిస్‌లుగా చేరి, పనిచేసే చోటే నేర్చుకుంటారు. ఆ చదువు కోసం పనివేళల్లోంచే వారానికి ఆరు గంటలైనా వదలాలని 2022లో లెక్క కట్టారు. మానసిక ఆరోగ్యం బాధ్యత చూసే సీనియర్ టీచరు శిక్షణకని 2021 నుంచి స్కూలుకి 1,200 పౌండ్ల గ్రాంటు కూడా ఇచ్చారు. డబ్బు మాట అలా ఉంచండి. వారానికి ఆరు గంటలు మీరు క్లాసుకి రారని తెలిస్తే మన స్టాఫ్‌రూములో ఏమవుతుందో ఊహించుకోండి. సబ్‌స్టిట్యూషన్ రిజిస్టర్ తెరిచిన మరుక్షణమే స్నేహాలు తెగిపోతాయి.

మన పద్ధతి సులువు. 2020 జాతీయ విద్యావిధానం టీచర్లనూ ప్రిన్సిపళ్లనూ ఏడాదికి యాభై గంటల శిక్షణ పొందమంది. ఎక్కడ కూర్చుని పొందాలో చెప్పలేదు కదా. రాత్రి కుక్కరు పెట్టి, ఫోను గట్టు మీద ఆనించి, వీడియో నడవనివ్వండి. చిన్నవాడికి హోంవర్కు చేయించాలి కాబట్టి సౌండు తీసేయండి. 'పిల్లల మాట శ్రద్ధగా వినడం ఎలా' అనే మాడ్యూలు కూడా ఇలాగే పూర్తవుతుంది. చివర అడిగే ప్రశ్నలకు మూడో కూత లోపు జవాబులు నొక్కేయొచ్చు. సర్టిఫికెట్ కలర్‌లో ప్రింట్ తీసి లామినేషన్ చేయించండి. కాగల్‌నగర్ బజారులో ఆ పని నిమిషాల్లో అయిపోతుంది. శిక్షణ మొత్తంలో ఇల్లు కదిలి చేయాల్సిన పని ఇదొక్కటే.

ఇక కమిటీ. 2023 అక్టోబరులో కేంద్ర విద్యాశాఖ 'ఉమ్మీద్' పేరుతో విడుదల చేసిన ముసాయిదా, ప్రిన్సిపల్ నాయకత్వంలో స్కూలు వెల్‌నెస్ టీమ్ ఉండాలంది. పెద్ద పేర్లు పెట్టుకోండి: కో-ఆర్డినేటర్, నోడల్ ఆఫీసర్, చాంపియన్. ఆయానీ, గేటు దగ్గర గార్డునీ, వ్యాన్ డ్రైవర్నీ మాత్రం చేర్చకండి. వాళ్లకి ఈమెయిల్ ఐడీ ఉండదు, హాజరు లింకు తెరవలేరు. పైగా వాళ్లతో ఇంకో చిక్కుంది. వాళ్లకి పిల్లల సంగతులు తెలుసు.

ఒక నమూనా చెబుతాను. నాలుగో తరగతి కుర్రాడు వారం రోజులుగా ముభావంగా ఉన్నాడు, టిఫిన్ బాక్సు తెరవకుండానే ఇంటికి తీసుకెళ్తున్నాడు. మీ ఫారమ్‌లో ఒకటి నుంచి పది దాకా గళ్లున్నాయి, నాలుగు మీద టిక్కు పెడితే సరిపోతుంది. ఆయా అయితే ఫారమ్ లేకుండానే, "ఈవారం వాళ్ల నాన్నది బి షిఫ్ట్ మేడమ్" అంటుంది. మధ్యాహ్నం రెండింటి నుంచి రాత్రి పది దాకా డ్యూటీ. వాడు పొద్దున్నే బయలుదేరేసరికి నాన్న నిద్రలో ఉంటాడు, బడి నుంచి తిరిగొచ్చేసరికి డ్యూటీలో ఉంటాడు, ఆయన ఇల్లు చేరేసరికి వీడు నిద్రపోతాడు. ఒకే ఇంట్లో ఉంటూ వారమంతా నాన్న మొహం చూడడు. దానికి తోడు అమ్మ ఊళ్లో లేదు, పురిటికి టెక్కలి వెళ్లింది. వంట ఎవరు చేస్తున్నారో వ్యాన్ డ్రైవరు చెబుతాడు. ఇవన్నీ వింటే మీ మనసు కదులుతుంది, కదిలితే ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది. ఫారమ్‌లో షిఫ్టుకి గడి లేదు. లేని గడి గురించి మీకెందుకు? 'ఏకాగ్రత లోపం' అని రాసి తల్లిదండ్రులకు నోటీసు పంపండి. శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి హాజరు కావాలని. అప్పుడే డ్యూటీ ఎక్కే ఆ తండ్రి ఎలాగూ రాడు. అప్పుడు 'తల్లిదండ్రుల సహకారం లేదు' అని ఇంకో గడి కూడా నిండుతుంది.

పిల్లలు తమ బాధ ఇంగ్లిషులోనే చెప్పాలని నియమం పెట్టండి. ఇంట్లో సిక్కోలు తెలుగు, వీధిలో హిందీ, పక్క బెంచీ స్నేహితుడితో నాలుగు ముక్కలు సంతాలీ మాట్లాడే పిల్ల ఇంగ్లిషులో ఏడవడానికి కాస్త సమయం తీసుకుంటుంది. ఆలోపు బెల్లు కొడతారు.

వెల్‌నెస్ పీరియడ్ పెట్టమంటే సంతోషంగా పెట్టండి. బడి మొదలయ్యే ముందు, జీరో అవర్‌లో. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రావడానికి చాలా ముందే, 1912లోనే, ఇక్కడి ఉక్కు కంపెనీ తన కార్మికుడికి రోజుకి ఎనిమిది గంటల పని చాలని ఒప్పుకుంది. ఆ కార్మికుడి మునిమనవడు బడి, ట్యూషను, కోచింగు ముగించుకుని ఎన్నింటికి పడుకుంటాడో మీరు లెక్కలు తీయనక్కర్లేదు. ఒత్తిడి తగ్గించుకోవడం ఎలాగో నేర్చుకోడానికి వాణ్ణి అరగంట ముందు నిద్రలేపితే చాలు.

సుప్రీంకోర్టు విషయంలో కొంచెం జాగ్రత్త అవసరం. విశాఖపట్నంలో నీట్‌కి చదువుతూ ఒక అమ్మాయి చనిపోయిన కేసులో, 2025 జూలైలో కోర్టు పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హతగల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలంది. సిబ్బంది అందరికీ ఏడాదికి రెండుసార్లైనా నిపుణుల చేత శిక్షణ ఇప్పించాలంది. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదంది, పదిమందిలో అవమానించకూడదంది. అన్నిటికీ దారులున్నాయి. రెండు శిక్షణలూ ఒకే రోజు పెట్టండి, భోజనానికి ముందొకటి, తర్వాతొకటి. రెండోదానికి నిపుణుడు రాకపోతే మీరే మాట్లాడండి, మీరు లీడరు కదా. 'ఎ' సెక్షను, 'డి' సెక్షను అనే పేర్లు తీసేసి సువర్ణరేఖ, ఖర్కాయి అని పెట్టండి. పిల్లలు మాత్రం పాత మార్కుల వరసలోనే కూర్చుంటారు. ఆ రెండు నదులూ సోనారి చివర దోముహాని దగ్గర కలుస్తాయి కదా అని ఎవరైనా అడిగితే, కలిసేది ఊరు దాటాక అని చెప్పండి. అవమానం మాటకొస్తే, తిట్టడం మానేసి "నీ గురించి నాకు దిగులుగా ఉందమ్మా" అని మైకులో అనండి.

కౌన్సెలింగ్ గదిని ప్రిన్సిపల్ గది పక్కనే, అద్దాల తలుపుతో కట్టించండి. లోపలికి ఎవరు వెళ్లారో బడంతటికీ కనిపిస్తే పారదర్శకత ఉన్నట్టు. పోయిన నీళ్ల సీసాలూ, పగిలిన గ్లోబూ, స్పోర్ట్స్ డే బ్యానర్లూ అక్కడే పెట్టొచ్చు. మానసిక సాయం కోసం పెట్టిన టెలీమానస్ నంబరు 14416ని తప్పకుండా గోడకెక్కించాలి. 2022 నుంచి రోజంతా ఉచితంగా పలికే నంబరది. ఆఫీసులో, ఫీజు కౌంటరు వెనక, సిబ్బంది మాత్రమే చూడగలిగే గోడ దానికి అనువైన చోటు. పిల్లలు చెప్పింది గోప్యంగా ఉంచాలంటారు. అలాగే ఉంచండి, స్టాఫ్‌రూము దాటనివ్వకండి. స్టాఫ్‌రూములో టీ తాగేవాళ్లంతా మన కుటుంబమే.

ఒక్క ఆపద ఉంది, దానికి శిక్షణలో ఎవరూ జవాబు చెప్పరు. మీరు వార్షిక నివేదిక టైపు చేసుకుంటుంటే ఎవరో ఒక పిల్లో పిల్లాడో వచ్చి గుమ్మం దగ్గర నిలబడతారు. లోపలికి రారు, వెళ్లిపోరు. తల ఎత్తకండి. ఎత్తక తప్పకపోతే కంప్యూటరు తెర మీంచి కళ్లు కదల్చకుండా "ఏంటమ్మా?" అనండి. "ఏం లేదు మిస్" అంటారు. ఆ మాటను ఆ పిల్లల నోటి నుంచి వచ్చింది వచ్చినట్టే రిజిస్టరులో ఎక్కించి, ఎదురుగా 'సమస్య పరిష్కారమైనది' అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టండి. అదే పిల్ల మర్నాడు మళ్లీ వస్తే పాత కేసు తిరగదోడకుండా కొత్త నంబరు వేయండి. ఏడాది చివర లెక్కలో రెండూ వస్తాయి.