మేడ మీద షవర్‌కి ఫోర్స్ రావాలంటే

షవర్‌లో నీళ్లు సన్నగా వస్తుంటే ముందు బోరు మోటార్ మార్చండి. ఒకటిన్నర హెచ్‌పీ ఉంటే 3 హెచ్‌పీ వేయించండి. ట్యాంకు త్వరగా నిండుతుంది, ఎండాకాలంలో బోరు అంతకంటే త్వరగా గాలి కక్కుతుంది. షవర్ మాత్రం ఎప్పట్లాగే కారుతుంది. ట్యాంకులో పడ్డాక మోటార్‌తో పని లేదనీ, ఫోర్స్ అంతా ట్యాంకు ఎత్తును బట్టే ఉంటుందనీ ప్లంబర్ చెబుతాడు. వినకండి. అతనెప్పుడూ ఇంతే, మోటార్ అమ్ముకోవడం కూడా చేతకాదు.

ట్యాంకుని స్లాబు మీదే, రెండు వరసల ఇటుకలు పేర్చి కూర్చోబెట్టండి. పిల్లర్లు లేపితే ఎలివేషన్ ఏం కావాలి? గది ఎత్తు 10 అడుగులు, షవర్ 7 అడుగుల దగ్గర. అంటే ట్యాంకు అడుగుకీ షవర్‌కీ మధ్య మూడున్నర అడుగులు. ఒక బార్ ప్రెషర్ రావాలంటే దాదాపు 33 అడుగులు కావాలట. మిగతాది మీరే భాగించుకోండి. ట్యాంకు నిండా ఉంటే ఇంకో మూడు నాలుగు అడుగులు కలిసొస్తాయి కాబట్టి తలంటు స్నానాలన్నీ తెల్లవారుజామునే కానిచ్చేయండి.

వాస్తు ప్రకారం ట్యాంకు నైరుతిలో ఉండాలి. బాత్రూం వాయవ్యంలో ఉందా, మరీ మంచిది. అరంగుళం పైపుని పిట్టగోడ వెంబడి మేడంతా తిప్పి తీసుకెళ్లండి, మలుపు మలుపుకీ ఒక ఎల్బో. అంగుళం పైపుకి నోరు నాలుగింతలు ఉంటుంది నిజమే, కానీ గోడలోకి వెళ్లాక ఎవరు చూస్తారు? ఆ డబ్బు టైల్స్‌కి పెట్టండి. పైగా మే నెల మధ్యాహ్నాల్లో ఆ పైపులోంచి మొదట మరుగునీళ్లే వస్తాయి, గీజర్ దండగ.

ట్యాంకు బయట లైను మీద నిలువుగా లేచి ఒక గాలి గొట్టం ఉంటుంది. చూడ్డానికి బాగోదు, కోసేసి మూత బిగించండి. ఇక ట్యాంకు కడిగిన ప్రతిసారీ లైన్లో గాలి ఇరుక్కుంటుంది, షవర్ నాలుగు సార్లు దగ్గి ఊరుకుంటుంది. అప్పుడు ప్లంబర్ వచ్చి కుళాయికి నోరు పెట్టి బుగ్గలు లోపలికి పోయేలా పీలుస్తాడు. హఠాత్తుగా నీళ్లు తన్నుకొచ్చి అతని చొక్కా తడుస్తుంది. దీనికి విజిటింగ్ ఛార్జీ వేరే.

షోరూంలో 12 అంగుళాల రెయిన్ షవర్ కుంభవృష్టి కురిపిస్తుంది. దాని వెనక పంపు ఉందేమో అడగకుండా కొనేయండి. ఇంట్లో అదే షవర్ నుంచి బొట్లు ఒక్కొక్కటీ ఒక్కో దిక్కుకి పడతాయి. ఆర్నెల్లకి బోరు నీళ్ల సున్నం రంధ్రాలకి తెల్లగా పట్టేస్తుంది. కొందరు పిసినారులు షవర్ విప్పి, రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, లోపలి జల్లెడ కూడా కడిగి బిగిస్తారు. సగం రోగం అక్కడే కుదురుతుంది కూడా. మనకెందుకండీ ఆ చాకిరీ, ఇంకా పెద్దది కొందాం.

చివరిగా, పై వాటాకీ కింద వాటాకీ విడి లైన్లు వేయించకండి. ఒకటే ఉంటే, కింద అద్దెకున్న వాళ్లు గిన్నెలు కడగడం మొదలెట్టగానే పైన మీ తల మీద ధార ఆగిపోతుంది. సబ్బు నురగతోనే కిటికీలోంచి కేకేయండి. వాళ్లకి 10 అడుగుల ఎత్తు అదనంగా కలిసొచ్చి కుళాయి దంచేస్తుంది కాబట్టి, వచ్చే నెల అద్దెలో ప్రెషర్ ఛార్జీ కలపండి.