అనుభవం అనే అంటువ్యాధి

నర్సులు దొరకడం లేదట. ఈ వారం ఆసుపత్రుల పెద్దలు ఏసీ హాల్లో కూర్చుని మళ్లీ వాపోయారు, మీరూ చదివే ఉంటారు. పడకలు సిద్ధం, వెంటిలేటర్లు సిద్ధం, రోబోతో ఆపరేషన్లకు కూడా సిద్ధం, సూదిమందు ఇచ్చే చెయ్యే కరువైందని వాళ్ల గోడు. చదువుతుంటే నాకే కళ్లు చెమర్చాయి. కళ్లు తుడుచుకుని రెండు పేజీలు తిప్పితే అదే బాపతు ఆసుపత్రి ఒకటి ఇచ్చిన ప్రకటన: ‘స్టాఫ్ నర్సులు కావలెను. జీఎన్ఎం లేదా బీఎస్సీ నర్సింగ్. అనుభవం 0–2 ఏళ్లు. వయసు 28 లోపు. స్పాట్ జాయినింగ్.’

కరువొచ్చిందని ఏడుస్తూనే, వంకాయలు లేతవైతేనే కొంటానని బేరమాడినట్టుంది. ఒకపక్క పదేళ్లు, పదిహేనేళ్లు ఐసీయూల్లో చేసిన సిస్టర్లు ఫైలు చంకన పెట్టుకుని ఎల్బీ నగర్ నుంచి కూకట్‌పల్లి దాకా ఆసుపత్రుల మెట్లు ఎక్కి దిగుతున్నారు. ‘కాల్ చేస్తాం సిస్టర్’ అన్న ఫోను ఎప్పటికీ రాదు. ఇంకోపక్క కొరత, కొరత అని కేకలు.

ఇందులో మనకు తెలియని వైద్య రహస్యం ఏదో ఉండే ఉంటుంది. ఆసుపత్రి వాళ్లు ఊరికే ఎవర్నీ గుమ్మం బయట నిలబెట్టరు కదా, అడ్వాన్సు కట్టనివాళ్లను తప్ప. బాగా ఆలోచించాక నాకు బోధపడింది. అనుభవం ఒక జబ్బు. మామూలు జబ్బు కూడా కాదు, అంటుకునే రకం. పాపం, ఆసుపత్రులు పైకి చెప్పుకోలేకపోతున్నాయి గానీ, వాళ్లు చేస్తున్నది ఇన్‌ఫెక్షన్ కంట్రోల్.

కేస్ షీట్ రాసి చూద్దాం. పేషంటు స్త్రీ, వయసు 38, సొంతూరు సూర్యాపేట దగ్గర. జబ్బు పాతది, పద్నాలుగేళ్లది. మొదట్లో లక్షణాలేమీ లేవు. పన్నెండు గంటల డ్యూటీ పద్నాలుగు గంటలు చేసేది. ‘సారీ సార్’ తప్ప నోట్లో ఇంకో మాట ఉండేది కాదు. మూడో ఏట మొదలైంది తేడా. మానిటర్ కుయ్యిమనకముందే ‘అయిదో బెడ్ తాత మనిషి సరిగ్గా లేడు, డాక్టరుగారికి ఫోన్ చెయ్యండి’ అనడం. మానిటరేమో అంతా బ్రహ్మాండంగా ఉందంటోంది. కాసేపటికి తాత బీపీ పడిపోయింది. లక్షలు పోసి కొన్న మెషిన్‌ను నెలజీతం మనిషి ఓడిస్తే మెషిన్ పరువేం కాను?

తర్వాత వచ్చేది నోటిమాట చెవికెక్కని దశ. రాత్రి రెండింటికి జూనియర్ డాక్టరు నిద్రమత్తులో ‘ఆ ఇంజెక్షన్ ఇచ్చేయండి సిస్టర్’ అని ఫోన్‌లో చెబితే, ‘ఒకసారి వచ్చి కేస్ షీట్‌లో రాయండి సార్, ఇస్తాను’ అంటుంది. ఇవ్వని మందుకు ఇచ్చినట్టు టిక్కు పెట్టమంటే చెయ్యి వణుకుతుంది. నరాల బలహీనత అనుకుంటాం గానీ, కాదు. ఇదీ ఆ జబ్బు లక్షణమే.

ఆపైన లెక్కల పిచ్చి. వార్డులో అడుగు పెట్టగానే పేషంట్లను లెక్కపెడుతుంది. బోధనాసుపత్రి వార్డులో ముగ్గురికి ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో అయిదుగురికి ఒకరు, ఐసీయూలో పేషంటుకొకరు, సెలవుల కోసం మరో 30 శాతం మంది అదనం అని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఎప్పుడో చెప్పిన లెక్క ఆమెకు కంఠతా వచ్చేసి ఉంటుంది. ‘పద్నాలుగు మందిని నేనొక్కదాన్నే ఎలా చూడాలి సార్?’ అని నర్సింగ్ సూపరింటెండెంట్ ముందే అనేస్తుంది. అప్పటికి జ్వరం నెత్తికెక్కిందన్నమాట. ఇక పీఎఫ్ నంబరు అడిగిందంటే కేసు సీరియస్. అయిదేళ్లు నిండితే గ్రాట్యుటీ ఇవ్వాలని 1972 నుంచీ చట్టం ఉంది. జబ్బు అంతదాకా ముదరనివ్వకూడదని తెలిసిన యాజమాన్యాలు నాలుగున్నరేళ్లకే రోగిని డిశ్చార్జి చేస్తాయి.

ఇలాంటి రోగి మళ్లీ ఇంకో ఆసుపత్రి గుమ్మం తొక్కితే పరీక్ష చేయకుండా లోపలికి రానిస్తారా? ఆ పరీక్షకే ఇంటర్వ్యూ అని పేరు. మెడలో ట్యాగు వేసుకున్న హెచ్ఆర్ కుర్రాడు చేస్తాడు.

‘ఎక్స్‌పీరియెన్స్ ఎంత సిస్టర్?’

‘పద్నాలుగేళ్లు సార్. పదేళ్లు ఐసీయూలోనే.’

కుర్రాడు కుర్చీ జానెడు వెనక్కి జరిపాడు. మాస్కు కోసం జేబు కూడా తడుముకున్నాడు.

‘ఓవర్‌క్వాలిఫైడ్ ప్రొఫైల్ సిస్టర్ మీది. మా బడ్జెట్‌లో పట్టదు.’

‘కొంచెం తగ్గించి ఇచ్చినా చేస్తాను సార్. పిల్లల ఫీజులు ఉన్నాయి.’

‘తక్కువిస్తే మీలాంటివాళ్లు నిలబడరు సిస్టర్. ఎక్కువిద్దామంటే మాకు కుదరదు. సరే, మధ్యలో ఈ రెండేళ్ల గ్యాప్ ఏంటి?’

‘మా అత్తమ్మకు పక్షవాతం వచ్చింది సార్. మంచం మీదే ఉండేది. ఇంట్లోనే ఉండి చూసుకున్నాను.’

‘అంటే రెండేళ్లపాటు పేషంట్ కేర్ టచ్‌లో లేరన్నమాట.’

పాజిటివ్. తర్వాతివాళ్లను పిలవండి.

ఒక్కర్ని చేర్చుకుంటే ఏం కొంపమునుగుతుందని మీరనొచ్చు. అంటువ్యాధి అని ముందే చెప్పాను. నైట్ డ్యూటీలో తెల్లవారుజామున మూడింటికి, పేషంట్లు కాస్త కళ్లు మూశాక, ఫ్లాస్కులో టీ రెండు కప్పుల్లోకి వంపుకుంటూ ఈ సీనియర్ పక్కన నిన్నగాక మొన్న కాలేజీ దాటిన పిల్లను కూర్చోబెట్టుకుంటుంది. సంతకం పెట్టేముందు చదువుకో అంటుంది. ఎక్కువ డోసు రాసినట్టు అనుమానమొస్తే మొహమాటపడకు, అడుగు అంటుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరు అడిగినా వాళ్ల బీరువాలో పెట్టనివ్వకు అంటుంది. వారం తిరిగేసరికి ఆ పిల్ల కూడా వార్డులోకి రాగానే పేషంట్లను లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. ఆ ఫ్లోరంతా ఫ్యూమిగేషన్ చేయించినా పోదిక.

అందుకే పైస్థాయిలో టీకా కార్యక్రమం చేపట్టారు. 2023 బడ్జెట్‌లో దేశం మొత్తానికి 157 కొత్త నర్సింగ్ కాలేజీలు ప్రకటించి, ఏప్రిల్‌లో కేంద్ర క్యాబినెట్ 1,570 కోట్లు మంజూరు చేసింది. కాలేజీలు రావడం నాకేం కడుపుమంట కాదు, ఇంకో వంద రానివ్వండి. కాకపోతే యాజమాన్యాల కళ్లతో చూస్తే ప్రతి ఏటా అనుభవం బొత్తిగా సోకని తాజా బ్యాచ్ ఒకటి దిగుతుంది. పాతవాళ్లకు ఇంక్రిమెంటు అనే మాట తట్టేలోపు కొత్తవాళ్లు యూనిఫాం వేసుకుని లిఫ్టు దగ్గర నిలబడి ఉంటారు.

ప్రభుత్వాల వైద్యం ఇంకో రకం. 2020 మార్చిలో పళ్లేలు మోగించాం. మే 3న హెలికాప్టర్‌తో గాంధీ ఆసుపత్రి మీద పూలు చల్లించాం. 2021 జూలైలో, కరోనా కోసమని ఔట్‌సోర్సింగ్‌లో తీసుకున్న నర్సులను ఇక రావద్దన్నాం. అప్పటి ముఖ్యమంత్రి నివాసం ప్రగతి భవన్ ముందుకు వచ్చి అడిగితే పోలీసు వ్యాన్ ఎక్కించాం. ఐసీయూ డ్యూటీ పీపీఈ కిట్‌లో చేస్తే కలిగే అనుభవం మరీ ప్రమాదకరమైన వేరియంట్ అయ్యుండాలి. తర్వాత ప్రభుత్వం మారింది, వేల పోస్టులు భర్తీ అయ్యాయి, ఆ మంచి మాట కాదనను. 2024 స్టాఫ్ నర్సుల నోటిఫికేషన్‌లో రాతపరీక్షకు 80 మార్కులు, సర్కారు దవాఖానాల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవకు 20 మార్కులు పెట్టారు. ఏళ్ల తరబడి చాకిరీ చేసినవాళ్లకు అది న్యాయమే. కానీ ప్రైవేటు ఐసీయూలో పద్నాలుగేళ్లు చేసిన సూర్యాపేట సిస్టర్‌కు ఆ ఇరవైలో వచ్చేది గుండుసున్నా. ప్రైవేటులో అదే అనుభవం జబ్బు, సర్కారు లెక్కలో అసలు లేనే లేదు. ఆమె మాత్రం రెండు ల్యాబుల రిపోర్టులూ పట్టుకుని బస్టాపులో ఉంది.

మరి దీనికి మందే లేదా? ఉంది. ఒకటి శస్త్రచికిత్స. నెట్ సెంటర్ కుర్రాడు పాతిక రూపాయలకు చేసిపెడతాడు. బయోడేటాలోంచి పన్నెండేళ్లు కోసేసి, రెండేళ్లు మాత్రం మిగిల్చి కుట్లు వేస్తాడు. వయసు మాత్రం కోతకు లొంగదు కాబట్టి ‘పిల్లల కోసం ఆలస్యంగా ఫీల్డ్‌కు వచ్చాను సార్’ అని ఆమె నోటితో ఆమే చెప్పుకోవాలి. చెయ్యి తిరిగిన నర్సు ఫ్రెషర్‌లా నటించాలి, క్యాన్యులా మొదటిసారే నరంలో పడ్డా పొరపాటున పడినట్టు మొహం పెట్టాలి. ఆస్కార్ ఇవ్వాల్సిన నటన.

రెండోది గాలి మార్పు. మన ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్, జపనీస్ నేర్పించి విదేశాలకు పంపుతోంది. బీ1, బీ2 అని మెట్లుంటాయి, నెలల తరబడి క్రియాపదాలు బట్టీ పట్టాలి. అన్నీ దాటి విమానం ఎక్కితే వింత జరుగుతుంది. శంషాబాద్‌లో జబ్బుగా ఎక్కిన అనుభవం ఫ్రాంక్‌ఫర్ట్‌లో అర్హతగా దిగుతుంది. అదే మనిషి, అవే చేతులు. అక్కడి ముసలివాళ్లు అదృష్టవంతులు. మన అయిదో బెడ్ తాత బీపీ పడిపోతుందని ముందే పసిగట్టే కళ్లు ఇప్పుడు ఎక్కడో మ్యూనిక్‌లో ఉన్నాయి.

సరే, వెటకారం చాలు.

పొటాషియం క్లోరైడ్ అని ఒక మందుంది. పది ఎంఎల్ ఆంపుల్. చూడ్డానికి అచ్చం నీళ్లు, ట్రేలో పక్కనున్న డిస్టిల్డ్ వాటర్‌కూ దానికీ తేడా లేబుల్ మీదే. సెలైన్‌లో కలిపి, నెమ్మదిగా ఎక్కించాలి. కలపకుండా నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది. డ్యూటీ మొదలై పదకొండో గంటలో, పద్నాలుగు మంది పేషంట్లతో, ఇరవై రెండేళ్ల పిల్ల చెయ్యి ఆ ట్రే మీదికి పోతుంది. వెనకనుంచి ‘ఆగమ్మా, లేబుల్ చూడు’ అనే గొంతు ఒకటి ఉండాలి. ఆసుపత్రుల పెద్దలారా, ఆ గొంతునే మీరు జీతం ఎక్కువని ఇంటికి పంపించారు. రేపు ఏదైనా జరిగితే సస్పెండయ్యేదీ, టీవీ కెమెరాల ముందు తలదించుకుని నిలబడేదీ మళ్లీ ఆ పిల్లే.

పేషంట్ల భారం పెరిగితే ప్రాణాలు పోతాయన్నది నా ఊహ కాదు. 2002లో నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రుల లెక్కలు తీసింది. నర్సు మీద ఒక్క పేషంటు భారం పెరిగితే, ఆపరేషన్ అయినవాళ్లు 30 రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందని తేల్చింది. మీ ఆసుపత్రుల్లో ఎండీలు చదివినవాళ్లున్నారు. ఇది తెలియక చేస్తున్నారంటే నేను నమ్మను.

జీతాలంటారా, 2016 జనవరి 29న సుప్రీంకోర్టు ఆదేశిస్తే కేంద్రం కమిటీ వేసింది. 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రి ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలంది, 50 పడకల లోపు నర్సింగ్ హోమైనా 20 వేలకు తగ్గకూడదంది. కేరళ నర్సులు రోడ్డెక్కి కొట్లాడితే 2018లో అక్కడి ప్రభుత్వం కనీస వేతనం నోటిఫై చేసింది. ఇక్కడ ఆ సిఫార్సుల ఊసెత్తే మంత్రీ లేడు, ఎత్తనిచ్చే యాజమాన్యమూ లేదు.

డబ్బు లేదా అంటే అదీ కాదు. మీ ఇంట్లో ఎవరైనా ప్రైవేటు ఆసుపత్రిలో ఉండి వస్తే డిశ్చార్జి బిల్లు తీసి చూడండి. ‘నర్సింగ్ ఛార్జీలు’ అని చాలా బిల్లుల్లో ఒక వరుస ఉంటుంది, రోజుకింత అని. ఒక నర్సు పద్నాలుగు మందిని చూసిన రాత్రి పద్నాలుగు బిల్లుల్లోనూ ఆ వరుస పడుతుంది. ఆమె నెల జీతం కొన్ని రాత్రుల్లోనే వచ్చేస్తుంది. మిగతా రాత్రుల డబ్బు ఎవరు తింటున్నారు? పేషంటు దగ్గర నర్సు పేరు చెప్పి వసూలు చేసి, నర్సు దగ్గర బడ్జెట్ లేదని చెప్పి, సదస్సులో మాత్రం కొరత అని ముక్కు చీదుతారా?

గుమ్మంలో హెల్త్ ప్యాకేజీల బోర్డు పెట్టారు కదా, దాని పక్కనే ఇంకోటి పెట్టండి. ఈ రాత్రి ఈ ఫ్లోర్లో ఎంతమంది పేషంట్లు, ఎంతమంది నర్సులు, వాళ్లలో అయిదేళ్లు దాటినవాళ్లు ఎందరు, ఎవరికెంత జీతం. రోజూ మార్చి రాయండి. అది రాశాక వచ్చి మైకు పట్టుకోండి, కొరత గురించి వింటాం.