నన్ను లెక్కపెట్టండి: ఒక నీలి పంపు ఆత్మకథ

నేను నీలం రంగు పంపును. మందుల చీటీలో సాల్బుటమాల్ ఇన్హేలర్ అని రాస్తారు. షాపులో మాత్రం "ఆయాసం పంపు" అంటే చాలు, కౌంటర్ మీదికి వచ్చేస్తాను. నా డబ్బాలో 200 పఫ్‌లు ఉంటాయి. ఉబ్బసం మనిషికి పిల్లికూతలు మొదలై ఛాతీ బిగబట్టినప్పుడు నన్ను పీలిస్తే అయిదు నిమిషాల్లో ఊపిరి సర్దుకుంటుంది, ఆ ఊరట నాలుగైదు గంటలు నిలుస్తుంది. నాకు పేరు తెచ్చింది ఈ గుణమే, నా మీద లేనిపోని భరోసా పెంచిందీ ఇదే. ఉబ్బసంతో ఆసుపత్రి పాలయ్యేవాళ్ళలో చాలామందికి ప్రమాదం ఆ రాత్రికి ఆ రాత్రి ఊడిపడదు. అంతకు వారాల ముందునుంచే నా డబ్బాలు ఒకదాని వెంట ఒకటి ఖాళీ అవుతూ ఉంటాయి. ఆ ఖాళీ డబ్బాలను ఊళ్ళో ఎవరో ఒకరు లెక్కపెట్టి, మనిషికి అసలు మందు అందేలా చూస్తే ఆసుపత్రి మంచం అవసరం చాలావరకు తప్పుతుంది. ఆత్మకథ పేరిట నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. తన గిరాకీ తానే తగ్గించమని అడిగే సరుకు అరుదే కావచ్చు. నా చరిత్ర వింటే ఆ మాట ఎందుకు అంటున్నానో తెలుస్తుంది.

నా వంశం 1956లో అమెరికాలో, రైకర్ లాబొరేటరీస్ అనే కంపెనీలో మొదలైంది. అంతకుముందు ఆయాసం మందును రబ్బరు బుడగ నొక్కే గాజు పరికరాలతో పీల్చేవారు. అవి పగిలేవి, లోపలికి ఎంత మందు వెళ్ళిందో తెలిసేది కాదు. కంపెనీ అధిపతి జార్జ్ మెయిసన్ కూతురికి ఉబ్బసం. జుట్టుకు కొట్టుకునే స్ప్రేలాగా తన మందు ఎందుకు రాదని పదమూడేళ్ళ ఆ పిల్ల అడిగిందనీ, ఆ ప్రశ్నే నా పుట్టుకకు కారణమనీ చెబుతారు. నొక్కిన ప్రతిసారీ ఒకే కొలతలో మందు వదిలే కవాటమే నాలోని అసలు విద్య. మొదట్లో నాలో ఐసోప్రినలిన్, అడ్రినలిన్ నింపేవారు. పదేళ్ళు తిరక్కుండానే ఇంగ్లండ్, వేల్స్‌తో సహా కొన్ని దేశాల్లో ఉబ్బసం మరణాలు, ముఖ్యంగా చిన్న వయసువాళ్ళలో, పెరిగిపోయాయి. అతివాడకం గురించి 1967లో బ్రిటన్ డాక్టర్లకు హెచ్చరికలు వెళ్ళాక పంపుల అమ్మకం తగ్గింది, మరణాలూ దిగివచ్చాయి. గుండెను అంతగా ఇబ్బంది పెట్టని సాల్బుటమాల్ 1969లో వచ్చి నాలో చేరింది. అంతటితో ముగిసిందా అంటే అదీ లేదు: 1970ల చివర్లో న్యూజిలాండ్‌లో ఫెనోటెరాల్ అనే మరో మందు కాలంలో అలాంటి మరణాలే మళ్ళీ మొదలయ్యాయి. తప్పు మందుదా, మందును నమ్ముకుని డాక్టర్ దగ్గరికి ఆలస్యంగా వెళ్ళడానిదా అని నిపుణులు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. ఎటు తిరిగినా తేలే సంగతి ఒకటుంది: పంపు వాడకం పెరుగుతోందంటే లోపల జబ్బు అదుపు తప్పుతోంది.

ఎందుకో చెబుతాను. ఉబ్బసంలో ఊపిరి గొట్టాల లోపలి పొర వాచి, జిగట కళ్ళె ఊరుతుంది. ఆ వాపు రేపిన చిరాకుతో గొట్టాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. నేను వదులు చేసేది ఆ కండరాలనే. వాపు జోలికి పోను. చూరు కారుతుంటే కింద గిన్నె పెట్టడం లాంటిది నా పని. గిన్నెలు ఎన్ని మార్చినా పెంకు సరికాదు. వాపును తగ్గించేది పీల్చే స్టెరాయిడ్: 1972లో బెక్లోమెథసోన్, ఆ తర్వాత బుడెసొనైడ్, ఫ్లూటికసోన్. అది పనిచేయడానికి రోజులు, వారాలు పడుతుంది, పీల్చిన వెంటనే ఏమీ అనిపించదు. అందుకే జనం దాన్ని పక్కన పెట్టి నన్ను జేబులో వేసుకుంటారు. ఈ ఎంపిక ఖరీదు ఎంతో కెనడాలోని సస్కాచెవాన్ రికార్డులు చెప్పాయి. 2000లో వెలువడిన ఆ అధ్యయనంలో, ఏడాదిలో వాడిన స్టెరాయిడ్ డబ్బా ఒక్కొక్కటి పెరిగినకొద్దీ ఉబ్బసంతో చనిపోయే ప్రమాదం 21 శాతం చొప్పున తగ్గింది. బ్రిటన్ 2014లో ప్రచురించిన సమీక్ష 195 ఉబ్బసం మరణాలను ఒక్కొక్కటిగా తరచి చూసింది. నాలాంటి పంపుల లెక్క దొరికినవాళ్ళలో 39 శాతం మందికి చివరి ఏడాదిలో పన్నెండుకు మించి రాసిచ్చారు. యాభై దాటినవాళ్ళూ ఉన్నారు. జబ్బు ముదిరితే ఏంచేయాలో రాసిచ్చిన కాగితం ఉన్నది మొత్తంలో 23 శాతం మందికే. ఆ డబ్బాలన్నీ ఎవరో రాశారు, ఎవరో అమ్మారు. కూడిక వేసినవాళ్ళే లేరు. ఉబ్బసం మీద ప్రపంచానికి మార్గదర్శకాలిచ్చే జినా సంస్థ హద్దు ఇంకా కిందనే గీసింది: ఏడాదికి మూడు డబ్బాలు వాడినా తీవ్రమైన దాడి వచ్చే అవకాశం పెరుగుతుంది, నెలకొకటి అయితే ప్రాణానికే ముప్పు పెరుగుతుంది. మూడు డబ్బాలంటే 600 పఫ్‌లు, రోజుకు రెండు కూడా కాదు. ఇంట్లో దాన్ని అతివాడకం అని ఎవరూ అనుకోరు.

లెక్కపెట్టడం మొదలుపెడితే ఏమవుతుందో ఫిన్లాండ్‌లో కనిపించింది. 1994 నుంచి 2004 వరకు ఆ దేశం జాతీయ ఉబ్బసం కార్యక్రమం నడిపింది. కొత్త ఆసుపత్రులు కట్టలేదు. జబ్బును తొందరగా గుర్తించడం, మొదటినుంచే వాపు తగ్గించే మందు ఇవ్వడం, తన జబ్బును తానే గమనించుకోవడం రోగికి నేర్పడం, ఇంతే. ఇందుకోసం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో సుమారు 200 మంది డాక్టర్లను, 700 మంది నర్సులను, మందుల షాపుల్లో దాదాపు 700 మంది ఫార్మసిస్టులను ఒక అల్లికగా కలిపారు. ఫార్మసిస్టును చేర్చడం నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి, ఎందుకంటే ఒకే మనిషి నాకోసం మళ్ళీ మళ్ళీ రావడం మొట్టమొదట చూసేది అతనే. పదేళ్ళలో ఉబ్బసం ఉన్నట్టు గుర్తించినవాళ్ళ సంఖ్య పెరిగింది, ఉబ్బసంతో ఆసుపత్రిలో గడిపిన రోజులు మాత్రం 1,10,000 నుంచి 51,000కు పడిపోయాయి. ఏటా మరణాలు 123 నుంచి 85కు దిగాయి. ఒక్కో రోగి మీద ఖర్చు 36 శాతం తగ్గింది. ఫిన్లాండ్ డబ్బున్న చిన్న దేశం, మనతో పోలికేమిటి అంటారా? బ్రెజిల్‌లో సాల్వడార్ నగరం చూడండి. జనం కిక్కిరిసిన, పేదలు ఎక్కువున్న ఆ ఊళ్ళో 2003 నుంచి తీవ్రమైన ఉబ్బసం ఉన్నవాళ్ళకు పీల్చే మందులు ఉచితంగా ఇచ్చి, వాడడం నేర్పారు. మూడేళ్ళలో నగరంలో ఉబ్బసం అడ్మిషన్లు సుమారు మూడొంతులు తగ్గాయి.

మన దగ్గరికి వస్తే లెక్క తలకిందులుగా ఉంది. 2019 అంచనాల ప్రకారం ప్రపంచంలోని ఉబ్బసం రోగుల్లో భారతదేశం వాటా సుమారు 13 శాతం, ఉబ్బసం మరణాల్లో వాటా మాత్రం 40 శాతం పైనే. దేశంలో పలు చోట్ల జరిపిన గ్లోబల్ ఆస్తమా నెట్‌వర్క్ సర్వే 2022లో వెలువడింది. పిల్లికూతలతో బాధపడుతున్నవాళ్ళలో 82 శాతం మందికి అది ఉబ్బసమని ఎవరూ చెప్పలేదు, పీల్చే స్టెరాయిడ్ రోజూ వాడేవాళ్ళు రెండున్నర శాతం కూడా లేరు. మన ఊళ్ళలో "దమ్ము లేస్తే" జరిగేది తెలిసిందే: ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షన్, కాసేపు నెబులైజర్‌తో గాలి పెట్టించుకోవడం, నాలుగు మాత్రలు, తెల్లారి మళ్ళీ పనిలోకి. బీమా పథకాలు చాలావరకు మనిషి మంచమెక్కాకే డబ్బు కడతాయి; మంచమెక్కకుండా ఆపే డబ్బాకు కట్టవు. ఇంత వింత పొదుపు నేనెక్కడా చూడలేదు. బీపీ, షుగర్ విషయంలో ఇదే వ్యవస్థ వేరేలా నడుస్తోంది. ఏఎన్ఎం, ఆశా కార్యకర్త ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకుంటారు, మాత్రలు అయిపోయాయా అని అడుగుతారు. ఆ పుస్తకంలోనే ఇంకో గడి గీసి, "గత మూడు నెలల్లో నీలి పంపులు ఎన్ని? రాత్రి ఆయాసంతో లేచారా?" అని రెండు ప్రశ్నలు చేరిస్తే చాలు. బస్తీ దవాఖానాలో, పల్లె దవాఖానాలో ఉన్న డాక్టర్‌కు ఎవరిని ముందు చూడాలో తెలిసిపోతుంది. బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన పంపు జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నదే; కొని నిల్వ పెట్టడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

ఇక్కడ గట్టిగా ఎదురయ్యే అభ్యంతరం స్టెరాయిడ్ అన్న మాటే. "అలవాటైపోతుంది, ఒళ్ళు ఉబ్బుతుంది, ఎముకలు గుల్లవుతాయి" అంటారు. ఈ భయానికి ఆధారం లేకపోలేదు. ఏళ్ళ తరబడి మాత్రలుగా మింగితే అవన్నీ జరుగుతాయి. కానీ కొలత చూడాలి. తీవ్రమైన దాడి వచ్చినప్పుడు పెద్దవాళ్ళకు రోజుకు 40 మిల్లీగ్రాముల చొప్పున అయిదు రోజులు ప్రెడ్నిసొలోన్ ఇవ్వడం మామూలు, అంటే 200 మిల్లీగ్రాములు. రోజుకు 200 మైక్రోగ్రాముల బుడెసొనైడ్ పీల్చేవాళ్ళకు ఏడాది పొడవునా కలిపినా 73 మిల్లీగ్రాములే. రెండు మందుల బలం ఒకటి కాదు గనుక బరువును బరువుతో నేరుగా పోల్చి తీర్పు చెప్పకూడదు, నిజమే. అయినా పీల్చిన మందు నేరుగా వాపు దగ్గరికి పోతుంది, ఒళ్ళంతా తిరిగేది తక్కువ. హాని అసలే లేదనను. గొంతు బొంగురుపోవచ్చు, నోట్లో తెల్లపూత రావచ్చు, పీల్చాక పుక్కిలించి ఉమ్మాలి. పిల్లలకు కొన్నేళ్ళపాటు బుడెసొనైడ్ ఇచ్చిన అమెరికా అధ్యయనంలో పెద్దయ్యాక సగటు ఎత్తు 1.2 సెంటీమీటర్లు తగ్గినట్టు తేలింది. తల్లిదండ్రులకు ఈ సంగతి దాచకుండా చెప్పాలనే నా అభిప్రాయం; దాచిన నిజం బయటపడితే మందునే మానేస్తారు. చెప్పాక రెండోవైపూ చూపాలి: పంపులోని స్టెరాయిడ్‌కు జడిసినవాళ్ళే దాడి వచ్చినప్పుడల్లా సూదుల్లో, మాత్రల్లో అంతకన్నా ఎక్కువ స్టెరాయిడ్ తీసుకుంటున్నారు, చాలాసార్లు తెలియకుండానే.

"మన జనం బాగున్నప్పుడు కూడా రోజూ మందు వాడతారా?" అన్నది డాక్టర్లే వేసే ప్రశ్న. దీనికి జవాబు ఏటా మృగశిర కార్తె నాడు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో కనిపిస్తుంది. చేప ప్రసాదం కోసం ఇతర రాష్ట్రాల నుంచి కూడా వచ్చి గంటల తరబడి వరసలో నిలబడతారు. వరసగా మూడేళ్ళు రావాలంటే వస్తారు. ఆ చేప ఉబ్బసాన్ని అదుపు చేస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. కానీ ఆ వరసలో నిలబడ్డవాళ్ళకు ఓపిక లేదని మాత్రం ఎవరూ అనలేరు. నమ్మకం కలిగేలా చెప్పేవాళ్ళు, దగ్గరలో దొరికే మందు, రెండూ ఉంటే అదే ఓపిక పంపుకూ పనికొస్తుంది. చేతకాకపోవడం అన్నది వేరే సమస్య, దానికి విరుగుడూ ఉంది. నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరక నా మందులో పెద్ద భాగం గొంతులోనే ఆగిపోతుంది. మధ్యలో స్పేసర్ అనే గొట్టం పెడితే ఆ ఇబ్బంది పోతుంది. అది కొనలేనివాళ్ళకు అర లీటరు ప్లాస్టిక్ సీసా అడుగున నా మూతి పట్టేంత కంత చేసి, చుట్టూ గాలి పోకుండా బిగిస్తే పిల్లల దాడుల్లో కొన్న స్పేసర్‌తో సమానంగా పనిచేసిందని దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ పరిశోధకులు 1999లోనే చూపారు.

పొగ, దుమ్ము, వయ్యారిభామ పుప్పొడి, దీపావళి టపాసులు ఉండగా మందులతో ఏమవుతుందని అడిగేవాళ్ళకు క్లుప్తంగా: గాలి బాగుచేయాల్సిందే, కట్టెల పొయ్యి పోవాల్సిందే. అది జరిగేదాకా వాపు తగ్గిన గొట్టాలు అదే దుమ్మును ఎక్కువ తట్టుకుంటాయి. ఒకటి చేస్తున్నామని రెండోది ఆపనక్కర్లేదు.

2019లో జినా నన్ను ఒంటరిగా వాడవద్దని చెప్పేసింది. అంతకుముందు ఏడాది వెలువడిన సిగ్మా పరీక్షల్లో ఒకదానిలో, స్వల్ప ఉబ్బసం ఉన్నవాళ్ళు అవసరమైనప్పుడు నాలాంటి పంపుకు బదులు బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన పంపు పీలిస్తే తీవ్రమైన దాడులు సుమారు 64 శాతం తగ్గాయి. ఊరట, చికిత్స ఒకే డబ్బాలో దొరుకుతున్నప్పుడు నేను పక్కకు తప్పుకోవడమే న్యాయం. ఐతే ఆసుపత్రి అవసరం తగ్గించడమంటే ఆసుపత్రికి పోకుండా ఆపడమని ఏ అధికారీ అర్థం చేసుకోకూడదు. బ్రిటన్ సమీక్షలోని 195 మందిలో 45 శాతం మంది వైద్యసాయం అడగకముందో, అడిగినా అందకముందో పోయారు. మాట పూర్తిచేయలేకపోతున్నా, పెదవులు నీలం తిరుగుతున్నా, మగత కమ్ముతున్నా, పంపు ఊరట నాలుగు గంటలు కూడా నిలవకపోయినా ఇక ఇంట్లో లెక్కలు కట్టుకుంటూ కూర్చోకూడదు. 108కు ఫోన్ చేయాలి. ప్రాథమిక కేంద్రంలో మొదటి గంటలో ఇరవై నిమిషాలకోసారి నాలుగు నుంచి పది పఫ్‌లు స్పేసర్‌తో ఇవ్వమని జినా చెబుతుంది. పై ఆసుపత్రికి పంపే ఏర్పాట్లు జరుగుతుండగా, కరెంటు లేకపోయినా, నెబులైజర్ లేకపోయినా ఆ పని నాతో చేయవచ్చు.